జావాలో క్యూ లిజనర్‌ను ఆపడం, తిరిగి నడిపించడం ఎలా

వరంగల్ ఏనుమాముల యార్డులో మిర్చి సీజన్ నడుస్తోందనుకోండి. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) ముగిసింది, కాంటాలు మొదలయ్యాయి. ఒక్కో రైతు బస్తాల తూకం పూర్తికాగానే తక్‌పట్టీ (తూకం, డబ్బు లెక్క రాసిన చీటీ) తయారవుతోంది. ఆ తక్‌పట్టీని డేటాబేస్‌లో భద్రపరిచే జావా అప్లికేషన్ మీది. భద్రపరచగానే అది క్యూలో, అంటే మెసేజ్‌లు వరుసగా వేచి ఉండే చోట, ఒక మెసేజ్ వేస్తుంది. అవతలి వైపున్న లిజనర్ ఆ మెసేజ్ అందుకుని, బ్యాంకు సర్వీసును పిలిచి, రైతు ఖాతాకు డబ్బు పంపమని అడుగుతుంది. అంతా సాఫీగా సాగుతుండగా మధ్యాహ్నం పూట బ్యాంకు సర్వీసు పలకడం మానేసింది. కాంటాలు మాత్రం ఆగవు. ఎండలో నిలబడ్డ రైతుకూ, బస్తాలు మోసే హమాలీకీ మీ సర్వర్ కష్టాలతో పనిలేదు. తక్‌పట్టీలు వస్తూనే ఉంటాయి, మెసేజ్‌లు క్యూలో పడుతూనే ఉంటాయి.

ఇప్పుడు తీసుకునే వైపు ఆపాలి, పంపే వైపు ఆపకూడదు. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లో దీనికి ఒక్క మెథడ్ పిలిస్తే చాలు అనిపిస్తుంది. కానీ ఆ మెథడ్ పిలిచే క్షణానికి మెసేజ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకుండా పిలిస్తే, ఒకరి డబ్బు రెండుసార్లు వెళ్లవచ్చు, మరొకరిది అసలు వెళ్లకపోవచ్చు. అందుకే కోడ్ జోలికి వెళ్లేముందు ఆ లెక్క తేల్చుకుందాం.

ఆపకుండా వదిలేస్తే

"బ్యాంకు సర్వీసు వచ్చేదాకా లిజనర్ ప్రయత్నిస్తూనే ఉంటుంది కదా, ఆపడం ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. అది ఏ బ్రోకర్ (క్యూను నడిపే సర్వర్: కాఫ్కా, ర్యాబిట్ ఎంక్యూ, యాక్టివ్ ఎంక్యూ లాంటిది) వాడుతున్నారన్న దానిపై ఆధారపడుతుంది.

స్ప్రింగ్ కాఫ్కాలో మీరేమీ మార్చకపోతే, డిఫాల్ట్ ఎర్రర్ హ్యాండ్లర్ ఒక్కో మెసేజ్‌ను వరుసగా 10 సార్లు లిజనర్‌కు ఇస్తుంది. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం ఉండదు. పదోసారీ విఫలమైతే లాగ్‌లో ఒక ఎర్రర్ రాసి, ఆ మెసేజ్‌ను దాటేసి ముందుకు వెళ్లిపోతుంది. అంటే బ్యాంకు సర్వీసు అరగంట పడిపోతే, ఆ అరగంటలో వచ్చిన తక్‌పట్టీలన్నీ లాగ్‌లో ఎర్రటి గీతలుగా మిగులుతాయి, చెల్లింపు జరగదు. ఎవరూ ఫిర్యాదు చేసేదాకా ఆ సంగతి బయటపడదు.

ర్యాబిట్ ఎంక్యూలో దీనికి పూర్తిగా భిన్నం. స్ప్రింగ్ డిఫాల్ట్‌గా విఫలమైన మెసేజ్‌ను తిరిగి క్యూలోకే పంపుతుంది. అది వెంటనే మళ్లీ లిజనర్‌కు వస్తుంది, మళ్లీ విఫలమవుతుంది. మెసేజ్ పోదు కానీ సర్వర్ ఊపిరాడకుండా తిరుగుతుంది, లాగ్ ఫైలు డిస్కును నింపేస్తుంది, కోలుకుంటున్న బ్యాంకు సర్వీసుపై మీ అప్లికేషన్ విరామం లేకుండా దాడి చేస్తున్నట్టవుతుంది.

యాక్టివ్ ఎంక్యూలో ట్రాన్సాక్షన్‌లో అందుకున్న మెసేజ్ విఫలమైతే డిఫాల్ట్‌గా 6 సార్లు మళ్లీ ఇస్తుంది. ఆ తర్వాత డెడ్ లెటర్ క్యూలో (విఫలమైన మెసేజ్‌లను పక్కన పెట్టే క్యూలో) పడేస్తుంది. మెసేజ్ భద్రంగానే ఉంటుంది, కానీ దాన్ని అక్కడి నుంచి ఎవరో ఒకరు తిరిగి తీసుకురావాలి.

ఈ మూడింటిలో ఏదీ మనకు కావలసింది కాదు. అవతలి సర్వీసు పడిపోయిందని తెలిసిన వెంటనే మెసేజ్‌ను తాకకుండా క్యూలోనే ఉంచేయడం వీటన్నింటికన్నా మేలు.

మెసేజ్ ఎక్కడుందో ముందు తేల్చుకోండి

ఆపమని మీరు చెప్పిన క్షణాన మెసేజ్‌లు మూడు చోట్ల ఉంటాయి. కొన్ని బ్రోకర్ దగ్గరే ఉంటాయి, వాటితో చిక్కు లేదు. ఒకటి లిజనర్ చేతిలో ఉంటుంది, దాన్ని పూర్తి చేయనివ్వాలి. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితో వస్తుంది. అవి బ్రోకర్ నుంచి బయల్దేరి మీ అప్లికేషన్ మెమరీలోకి చేరాయి, లిజనర్ మెథడ్‌లోకి ఇంకా రాలేదు.

ఆ మధ్యవాటి సంఖ్య మీరు ఊహించిన దానికన్నా ఎక్కువ. కాఫ్కా కన్స్యూమర్ (మెసేజ్‌లు తెచ్చుకునే భాగం) ఒక్క పోల్‌లో, అంటే బ్రోకర్‌ను ఒక్కసారి అడిగినప్పుడు, డిఫాల్ట్‌గా 500 రికార్డుల (మెసేజ్‌ల) దాకా తెస్తుంది. ర్యాబిట్ ఎంక్యూ కోసం ఉన్న స్ప్రింగ్ ఎఎంక్యూపీలో ప్రీఫెచ్ (ముందే తెచ్చి ఉంచుకునే మెసేజ్‌ల సంఖ్య) డిఫాల్ట్ 250. యాక్టివ్ ఎంక్యూ క్లాసిక్‌లో క్యూకు 1000. "పాజ్ నొక్కినా ఇంకా చెల్లింపులు పోతూనే ఉన్నాయి" అన్న ఫిర్యాదుకు మూలం దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది.

ఇక్కడొక లెక్క వేసి చూడండి. బ్యాంకు సర్వీసు నెమ్మదించి ఒక్కో జవాబుకు 2 సెకన్లు తీసుకుంటోంది, కాఫ్కా నుంచి 500 రికార్డులు వచ్చి ఉన్నాయి. ఒక్కో రికార్డును ఒక్కసారే ప్రయత్నించినా 1000 సెకన్లు, అంటే 16 నిమిషాలకు పైనే. కాఫ్కాలో రెండు పోల్‌ల మధ్య అనుమతించే గరిష్ఠ వ్యవధి డిఫాల్ట్‌గా 5 నిమిషాలు. అది దాటితే మీ కన్స్యూమర్ చనిపోయిందని భావించి, పని పంచుకునే కన్స్యూమర్ల గ్రూపు నుంచి తప్పించి, దాని పార్టిషన్లను (క్యూలో దాని వాటాకు వచ్చిన భాగాలను) మరొకరికి ఇచ్చేస్తుంది. ఆ మరొకరు అవే రికార్డులను మొదటి నుంచి అందుకుంటారు. పాజ్ అడిగాక కూడా చెల్లింపు రెండోసారి మొదలయ్యేది ఇలాగే.

కాబట్టి మొట్టమొదటి మార్పు పాజ్ కోడ్‌లో కాదు, సెట్టింగుల్లో చేయాలి. డబ్బుతో ముడిపడిన లిజనర్‌కు పోల్ రికార్డుల సంఖ్యను, ప్రీఫెచ్‌ను పదికో ఇరవైకో తగ్గించండి. వేగం కొంత తగ్గుతుంది. ఒక్కో మెసేజ్ కోసం బయటి సర్వీసును పిలిచే లిజనర్‌కు ఆ తేడా అంతగా తెలియదు, ఎందుకంటే సమయమంతా బ్యాంకు జవాబు కోసమే పోతుంది.

పాజ్ వేరు, స్టాప్ వేరు

లిజనర్‌ను నడిపే స్ప్రింగ్ ఆబ్జెక్టును కంటైనర్ అంటారు. కాఫ్కా లిజనర్ కంటైనర్‌కు రెండు మెథడ్లూ ఉన్నాయి. ఏది పిలవాలన్నది ఎందుకు ఆపుతున్నారన్న దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

పాజ్ చేస్తే కన్స్యూమర్ బతికే ఉంటుంది. పోల్ చేస్తూనే ఉంటుంది కానీ రికార్డులు తీసుకోదు. గ్రూపులో తన చోటు, తన పార్టిషన్లు తన దగ్గరే ఉంటాయి. పాజ్ వల్ల రీబ్యాలెన్స్ (పార్టిషన్లను మళ్లీ పంచడం) జరగదు. ఆ పార్టిషన్లలోని మెసేజ్‌లు వేరే ఇన్‌స్టాన్స్‌కు (అదే అప్లికేషన్ నడిచే మరో కాపీకి) వెళ్లవు, అక్కడే వేచి ఉంటాయి. మళ్లీ రెజ్యూమ్ అనగానే క్షణాల్లో పని మొదలవుతుంది. అవతలి సర్వీసు కొద్దిసేపు పడిపోయినప్పుడు వాడాల్సింది ఇదే.

స్టాప్ చేస్తే కన్స్యూమర్ మూతపడుతుంది, గ్రూపు నుంచి తప్పుకుంటుంది, దాని పార్టిషన్లు మిగిలిన ఇన్‌స్టాన్స్‌లకు పంచబడతాయి. ఈ ఒక్క సర్వర్‌లోనే ఏదో తేడా ఉంది, పని వేరేవారు చేయాలి అనుకున్నప్పుడు స్టాప్ సరైనది. అందరినీ ఆపాలనుకుని ఒక్కరినే స్టాప్ చేస్తే మాత్రం ఆ పని మొత్తం పక్కవారి నెత్తిన పడుతుంది.

స్ప్రింగ్ ఎఎంక్యూపీ, స్ప్రింగ్ జేఎంఎస్ (యాక్టివ్ ఎంక్యూ లాంటి బ్రోకర్లతో మాట్లాడే జావా ప్రమాణం జేఎంఎస్) కంటైనర్లలో పాజ్ మెథడ్ లేదు. అక్కడ స్టాప్, స్టార్ట్ మాత్రమే ఉన్నాయి. పేరు ఒకటే అయినా కాఫ్కా స్టాప్‌తో పోలిస్తే వీటి నడక వేరు, వాటి సంగతి కింద విడివిడిగా చెబుతాను.

లిజనర్‌కు ఒక పేరు పెట్టండి

పేరు లేని లిజనర్‌ను పిలవలేం. లిజనర్ అనొటేషన్‌లో ఐడీ అనే చోట స్పష్టమైన పేరు ఇవ్వండి: చెల్లింపు లిజనర్, ఎస్సెమ్మెస్ లిజనర్, ధరల లిజనర్, ఇలా. పని ఒక్కటికి లిజనర్ ఒక్కటి ఉండాలి. బ్యాంకు పడిపోతే చెల్లింపులు ఆగాలి కానీ తూకం వివరాలతో రైతు ఫోనుకు వెళ్లే ఎస్సెమ్మెస్ ఎందుకు ఆగాలి? రెండు పనులూ ఒకే లిజనర్‌లో ఉంటే విడదీయడానికి ఇదే మంచి సమయం.

కాఫ్కా, ర్యాబిట్ అనొటేషన్లలో ఆటోస్టార్టప్ అనే మరో చోటు ఉంది, జేఎంఎస్‌లో అయితే ఆ సెట్టింగు కంటైనర్ ఫ్యాక్టరీపై ఉంటుంది. దాన్ని ఫాల్స్ చేయండి. అప్పుడు అప్లికేషన్ లేవగానే లిజనర్ తనంతట తాను మొదలుకాదు. ఎప్పుడు మొదలుకావాలో మీ కోడ్ చెబుతుంది. దీని అవసరం కాసేపట్లో తెలుస్తుంది.

ఈ అనొటేషన్‌తో పుట్టే కంటైనర్లు మామూలు బీన్‌లుగా దొరకవు, నేరుగా ఇంజెక్ట్ చేసుకోబోతే ఎర్రర్ వస్తుంది. వాటిని రిజిస్ట్రీ ద్వారా అడగాలి. కాఫ్కాకు కాఫ్కా లిజనర్ ఎండ్‌పాయింట్ రిజిస్ట్రీ, ర్యాబిట్‌కు ర్యాబిట్ లిజనర్ ఎండ్‌పాయింట్ రిజిస్ట్రీ, జేఎంఎస్‌కు జేఎంఎస్ లిజనర్ ఎండ్‌పాయింట్ రిజిస్ట్రీ ఉన్నాయి. ఆ రిజిస్ట్రీని మీ నియంత్రణ క్లాసులోకి తెచ్చుకుని, గెట్ లిజనర్ కంటైనర్ మెథడ్‌కు ఐడీ ఇస్తే కంటైనర్ చేతికి వస్తుంది. పేరు తప్పు ఇస్తే నల్ వస్తుంది, దాన్ని తప్పకుండా చూసుకోండి. అత్యవసర వేళలో ఒక అక్షరం తప్పుపడి, ఏమీ జరగకపోయినా ఆగిందని నమ్మడం ప్రమాదం.

కాఫ్కాలో

కంటైనర్‌పై పాజ్ పిలవగానే ఆగిపోయిందని అనుకోవద్దు. అప్పుడు జరిగేది ఆగమన్న కోరిక నమోదు కావడమే. ఇప్పటికే తెచ్చుకున్న రికార్డులన్నీ పూర్తయ్యాక, తర్వాతి పోల్‌కు ముందు అది అమల్లోకి వస్తుంది. అందుకే కంటైనర్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి: పాజ్ అడిగారా, కంటైనర్ నిజంగా పాజ్ అయిందా. మీ పర్యవేక్షణ తెరపై ఈ రెండింటినీ విడిగా చూపండి. మొదటిది అవును, రెండోది కాదు అని ఉంటే "ఆగుతోంది" అని రాయండి. కాంకరెన్సీ (ఒకేసారి నడిచే కన్స్యూమర్ల సంఖ్య) ఎక్కువగా ఉన్న కంటైనర్‌లో, లోపలి కంటైనర్లన్నీ ఆగాకే రెండో ప్రశ్నకు అవునన్న జవాబు వస్తుంది.

తెచ్చుకున్నవన్నీ పూర్తయ్యేదాకా ఆగలేకపోతే, స్ప్రింగ్ కాఫ్కా 2.9 నుంచి పాజ్ ఇమ్మీడియట్ అనే కంటైనర్ ప్రాపర్టీ ఉంది. దాన్ని ట్రూ చేస్తే చేతిలో ఉన్న ఒక్క రికార్డు పూర్తికాగానే ఆగుతుంది. మిగిలినవి మెమరీలో ఉండి, రెజ్యూమ్ చేశాక లిజనర్‌కు అందుతాయి. చెల్లింపుల లిజనర్‌కు నేను దీన్నే ఎంచుకుంటాను. దీనికి తోడు అక్ మోడ్‌ను (మెసేజ్ పూర్తయినట్టు ఎప్పుడు తెలపాలన్న సెట్టింగును) రికార్డ్‌గా మార్చండి. డిఫాల్ట్ అయిన బ్యాచ్ మోడ్‌లో పోల్‌లో వచ్చినవన్నీ పూర్తయ్యాకే ఆఫ్‌సెట్ (ఎక్కడిదాకా చదివారన్న గుర్తు) నమోదవుతుంది. ఈలోగా సర్వర్ కూలితే పూర్తయినవి కూడా మళ్లీ వస్తాయి.

పాజ్‌లో ఉండగా రీబ్యాలెన్స్ జరిగి కొత్త పార్టిషన్లు వస్తే ఏమిటన్న సందేహం రావచ్చు. పాజ్ కోరిక అమల్లో ఉన్నంతకాలం కొత్తగా వచ్చిన పార్టిషన్లను కూడా స్ప్రింగ్ పాజ్ చేస్తుంది. కాఫ్కా కన్స్యూమర్‌ను స్ప్రింగ్ లేకుండా నేరుగా వాడుతుంటే ఈ పని మీరే చేయాలి. పాజ్ చేశాక కూడా పోల్ పిలుస్తూనే ఉండాలన్నది అక్కడ మరచిపోకూడని విషయం.

ర్యాబిట్ ఎంక్యూలో

ఇక్కడ స్టాప్ పిలిస్తే కంటైనర్ తన కన్స్యూమర్‌ను బ్రోకర్ దగ్గర రద్దు చేసుకుంటుంది. ప్రీఫెచ్‌లో ఉన్నవాటిని డిఫాల్ట్‌గా పూర్తి చేయడానికి ప్రయత్నిస్తుంది, అందుకు ఇచ్చే గడువు 5 సెకన్లు. ఆలోగా పూర్తికానివి, అందినట్లు తెలపనివి, ఛానెల్ మూతపడగానే తిరిగి క్యూలోకి వెళ్తాయి. అవి మళ్లీ వచ్చినప్పుడు రీడెలివర్డ్ అనే గుర్తుతో వస్తాయి. ఆ గుర్తు కనిపిస్తే "ఈ తక్‌పట్టీ చెల్లింపు ఇంతకుముందే మొదలై ఉండవచ్చు" అని భావించి జాగ్రత్తపడాలి.

ప్రీఫెచ్‌లో ఉన్నవాటిని ముట్టుకోకుండా, చేతిలో ఉన్నది కాగానే ఆగాలంటే ఫోర్స్ స్టాప్ ప్రాపర్టీని ట్రూ చేయండి. ఇది స్ప్రింగ్ ఎఎంక్యూపీ 2.4.14 నుంచీ, 3.0.6 నుంచీ ఉంది.

లిజనర్ మెథడ్‌లోనే థ్రెడ్ స్లీప్ పెట్టి "కాసేపు ఆగు" అనిపించే కోడ్ తరచుగా కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. మెసేజ్‌ను చేతిలో పట్టుకుని కూర్చుంటే ర్యాబిట్ ఎంక్యూ డిఫాల్ట్‌గా 30 నిమిషాలు చూసి, ఇక జవాబు రాదని ఛానెల్‌ను మూసేస్తుంది. కాఫ్కాలో అదే పని చేస్తే పైన చెప్పిన 5 నిమిషాల హద్దు దాటుతుంది. ఆగాల్సింది మెసేజ్ తీసుకోకముందే.

జేఎంఎస్‌లో

స్ప్రింగ్ లేని పాత అప్లికేషన్లు మన దగ్గర ఇంకా చాలానే నడుస్తున్నాయి. వాటికి జేఎంఎస్ ప్రమాణంలోనే చక్కటి ఏర్పాటు ఉంది. కనెక్షన్‌పై స్టాప్ పిలిస్తే మెసేజ్‌లు అందడం ఆగుతుంది, స్టార్ట్ పిలిస్తే మళ్లీ మొదలవుతుంది. నడుస్తున్న లిజనర్ పని ముగిసేదాకా స్టాప్ వేచి ఉంటుంది. ఆగిన కనెక్షన్‌పై మెసేజ్‌లు పంపడానికి ఏ అడ్డూ ఉండదు. మనం మొదట కోరుకున్నది సరిగ్గా ఇదే: తీసుకోవడం ఆగింది, పంపడం సాగుతోంది.

అయితే ఒకే కనెక్షన్‌పై ఉన్న కన్స్యూమర్లన్నీ ఒకేసారి ఆగుతాయి. విడిగా ఆపాల్సిన లిజనర్‌కు విడిగా కనెక్షన్ తెరవండి. కనెక్షన్ ఆగినా కన్స్యూమర్ మూతపడదు కాబట్టి, ప్రీఫెచ్‌లో తెచ్చుకున్న మెసేజ్‌లు ఆ సర్వర్ మెమరీలోనే ఇరుక్కుని ఉంటాయి, పక్క సర్వర్‌కు అందవు. యాక్టివ్ ఎంక్యూలో ప్రీఫెచ్ తగ్గించమని ముందే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

తన థ్రెడ్ నుంచి తానే ఆపుకోకూడదు

లిజనర్ మెథడ్‌లో బ్యాంకు ఎర్రర్ పట్టుకోగానే, అక్కడికక్కడే కంటైనర్‌ను ఆపేయాలనిపించడం సహజం. ఆ తొందర దెబ్బతీస్తుంది. స్టాప్ మెథడ్ లిజనర్ థ్రెడ్ ముగిసేదాకా వేచి చూస్తుంది. ఆ థ్రెడ్ స్టాప్ తిరిగి వచ్చేదాకా వేచి చూస్తుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. కాఫ్కా కంటైనర్‌లో ఈ ప్రతిష్టంభన షట్‌డౌన్ గడువు, అంటే డిఫాల్ట్‌గా 10 సెకన్లు, తీరేదాకా సాగుతుంది. ర్యాబిట్‌లో 5 సెకన్లు. జేఎంఎస్ 2.0లో మెసేజ్ లిజనర్ తన సొంత కనెక్షన్‌ను ఆపబోతే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది.

కాఫ్కా పాజ్‌ను మాత్రం లిజనర్ లోపలి నుంచి పిలవవచ్చు, అది కోరికను నమోదు చేసి వెంటనే తిరిగి వస్తుంది. స్టాప్ అయితే వేరే ఎగ్జిక్యూటర్‌కు అప్పగించండి, లేదా కాల్‌బ్యాక్ తీసుకునే స్టాప్‌ను వాడండి. ఆపమని అడిగాక ఆ మెసేజ్‌ను విజయవంతంగా ముగిసినట్టు వదిలేయకండి. ఎక్సెప్షన్ విసరండి. అప్పుడే అది అందినట్లు నమోదు కాకుండా తిరిగి వస్తుంది.

ఒక్క సర్వర్ ఆగితే చాలదు

రిజిస్ట్రీ ఆ ఒక్క జేవీఎంకే, అంటే ఆ ఒక్క జావా ప్రాసెస్‌కే, పరిమితం. మీ అప్లికేషన్ మూడు ఇన్‌స్టాన్స్‌లుగా నడుస్తుంటే, లోడ్ బ్యాలన్సర్ ద్వారా వెళ్లిన "పాజ్" అభ్యర్థన ఎవరో ఒకరికే చేరుతుంది. మిగిలిన ఇద్దరూ పని చేస్తూనే ఉంటారు. పైగా పాజ్ స్థితి మెమరీలో మాత్రమే ఉంటుంది. ఆగి ఉన్న సర్వర్ ఏ కారణంతోనో రీస్టార్ట్ అయితే, లేచీ లేవగానే ఏమీ తెలియనట్టు మెసేజ్‌లు తీసుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి పూట ఎవరూ చూడని వేళ ఇది జరిగితే, ఉదయం లెక్కలు సరిచేయడానికి రోజంతా పడుతుంది.

ఈ రెండింటికీ మందు ఒకటే. లిజనర్ ఉండాల్సిన స్థితిని డేటాబేస్‌లో ఒక పట్టికలో రాయండి: లిజనర్ ఐడీ, నడవాలా ఆగాలా, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు. పాజ్ బటన్ ఈ పట్టికను మాత్రమే మారుస్తుంది, కంటైనర్‌ను నేరుగా తాకదు. ప్రతి ఇన్‌స్టాన్స్ కొన్ని సెకన్లకోసారి ఆ పట్టికను చదివి, తన కంటైనర్ అసలు స్థితితో పోల్చుకుంటుంది. తేడా ఉంటే పాజ్, రెజ్యూమ్, స్టార్ట్, స్టాప్‌లలో తగినది పిలుస్తుంది. తేడా లేకపోతే ఏమీ చేయదు. అప్లికేషన్ సిద్ధమైందన్న ఈవెంట్ వచ్చాక కూడా ఇదే పోలిక ఒకసారి నడవాలి. ఆటోస్టార్టప్‌ను ఫాల్స్ చేయమన్నది ఇందుకే, పట్టిక చదవకముందే లిజనర్ పరుగు తీయకూడదు.

ఈ పోలిక చేసే పనిని షెడ్యూల్డ్ అనొటేషన్‌తో పెడితే ఒక జాగ్రత్త తీసుకోండి. స్ప్రింగ్ బూట్‌లో షెడ్యూలింగ్‌కు డిఫాల్ట్‌గా ఒక్క థ్రెడ్డే ఉంటుంది. స్టాప్ పది సెకన్లు ఆగితే మిగిలిన షెడ్యూల్డ్ పనులన్నీ ఆగుతాయి. పూల్ పరిమాణం పెంచండి.

"ఎందుకు" అన్న గడిని ఖాళీగా వదలనివ్వకండి. మడికొండలో ఉన్న మీరు ఆపిన లిజనర్‌ను, రాత్రి షిఫ్టులో హైదరాబాద్‌లో ఉన్న సహోద్యోగి చూస్తారు. కారణం రాసి ఉంటే నడిపించాలో వద్దో ఆమె నిర్ణయించుకోగలదు, లేకపోతే అర్ధరాత్రి మీకు ఫోను చేయాలి.

దానంతట అదే ఆగాలంటే

మనిషి గమనించి బటన్ నొక్కేలోపు చాలా మెసేజ్‌లు విఫలమవుతాయి. బ్యాంకు పిలుపు చుట్టూ రెజిలియన్స్ ఫర్ జే లైబ్రరీలోని సర్క్యూట్ బ్రేకర్ (విఫలాలు పెరిగితే పిలుపులను ఆపే ఏర్పాటు) పెట్టి, అది ఓపెన్ స్థితికి (పిలుపులు ఆపిన స్థితికి) వెళ్లగానే లిజనర్‌ను పాజ్ చేయండి, హాఫ్ ఓపెన్‌కు (కొన్ని పిలుపులతో పరీక్షించే స్థితికి) రాగానే రెజ్యూమ్ చేయండి. బ్రేకర్ స్థితి మారినప్పుడల్లా ఈవెంట్ వస్తుంది కాబట్టి కోడ్ చిన్నదే.

ఇందులో ఒక ఉచ్చు దాగి ఉంది. డిఫాల్ట్‌గా ఈ బ్రేకర్ ఓపెన్ నుంచి హాఫ్ ఓపెన్‌కు తనంతట తాను మారదు. 60 సెకన్ల నిరీక్షణ ముగిశాక వచ్చే మొదటి పిలుపు దాన్ని మారుస్తుంది. లిజనర్ పాజ్‌లో ఉంటే ఆ పిలుపు ఎన్నటికీ రాదు. బ్రేకర్ ఓపెన్‌లోనే, లిజనర్ పాజ్‌లోనే శాశ్వతంగా ఉండిపోతాయి. ఆటోమేటిక్ ట్రాన్సిషన్ ఫ్రమ్ ఓపెన్ టు హాఫ్ ఓపెన్ ఎనేబుల్డ్ అనే సెట్టింగును ట్రూ చేస్తే ఈ చిక్కు తీరుతుంది. మరొకటి: విఫల శాతాన్ని లెక్కించడం మొదలుపెట్టడానికి డిఫాల్ట్‌గా కనీసం 100 పిలుపులు జరగాలి. డబ్బు వ్యవహారానికి అది చాలా ఎక్కువ, తగ్గించండి.

మనిషి పెట్టిన పాజ్‌ను బ్రేకర్ తీసేయకుండా చూడండి. పట్టికలో రెండు కారణాలకు రెండు గడులు పెట్టి, రెండూ "నడవవచ్చు" అన్నప్పుడే లిజనర్ కదిలేలా రాస్తే సరిపోతుంది.

ఎంతసేపు ఆపి ఉంచవచ్చు

తూము మూసినంత మాత్రాన పాకాల చెరువులోకి వచ్చే వరద ఆగదు, మట్టం పెరిగి ఒక దశలో మత్తడి దూకుతుంది. మీ క్యూ మత్తడి ఎక్కడుందో ఆపే ముందే తెలుసుకోండి.

కాఫ్కాలో మెసేజ్‌లను ఉంచే గడువు డిఫాల్ట్‌గా 7 రోజులు. తర్వాత ఎవరు చదివారు, ఎవరు చదవలేదు అన్న విచక్షణ లేకుండా పాతవి పోతాయి. స్టాప్ చేసి గ్రూపులో ఎవరూ లేకుండా 7 రోజులు గడిస్తే, ఎక్కడిదాకా చదివారన్న ఆఫ్‌సెట్ కూడా చెరిగిపోతుంది. అప్పుడు ఆటో ఆఫ్‌సెట్ రీసెట్ లేటెస్ట్‌గా ఉంటే, లిజనర్ మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి కొత్తవాటి నుంచి మొదలుపెడుతుంది. చెల్లింపులకు అది ఎర్లియెస్ట్‌గానే ఉండాలి.

ర్యాబిట్ ఎంక్యూలో క్యూకు గరిష్ఠ పొడవు పెట్టి ఉంటే, డిఫాల్ట్‌గా నిండినప్పుడు ముందున్న పాత మెసేజ్‌లను పారేస్తుంది. బ్రోకర్ మెమరీ హద్దు దాటితే పంపేవారినే ఆపేస్తుంది. అంటే తక్‌పట్టీలు భద్రపరిచే తెర స్తంభించి, యార్డులో కాంటాల దగ్గర వరుస పెరుగుతుంది. అందుకే లిజనర్ ఆపగానే క్యూ పొడవుపై కన్నేసి ఉంచండి: ర్యాబిట్ పర్యవేక్షణ పేజీలో రెడీ (వేచి ఉన్నవి), అనక్డ్ (అందినట్లు ఇంకా తెలపనివి) అంకెలు, కాఫ్కాలో కన్స్యూమర్ గ్రూప్స్ స్క్రిప్టు చూపే ల్యాగ్ (ఇంకా చదవాల్సినవి) అంకె.

తిరిగి నడిపించేటప్పుడు

ఆపడం కన్నా ఇదే సున్నితమైన ఘట్టం. గంటల తరబడి పోగుపడిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా, అప్పుడే కోలుకున్న బ్యాంకు సర్వీసుపై పడతాయి. అది మళ్లీ పడిపోవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. ముందు ఒక్క ఇన్‌స్టాన్స్‌నే నడిపించండి. ర్యాబిట్, జేఎంఎస్‌లలో కంటైనర్ ఆగి ఉండగానే కాంకరెన్సీని ఒకటికి తగ్గించి స్టార్ట్ చేయండి. కొన్ని చెల్లింపులు బ్యాంకు వైపు కూడా పూర్తయినట్టు చూసుకున్నాకే మిగిలినవి తెరవండి. కాఫ్కాలో అయితే మిగతా ఇన్‌స్టాన్స్‌లు పాజ్‌లోనే ఉండి తమ పార్టిషన్లను పట్టుకుంటాయి కాబట్టి, ఒక్కదాన్ని రెజ్యూమ్ చేస్తే దాని వాటా మాత్రమే కదులుతుంది. ఈ సందర్భానికి అది సరిగ్గా సరిపోతుంది.

పోగుపడిన వాటన్నింటికీ ఇంకా విలువ ఉందా అని కూడా చూడండి. తక్‌పట్టీ చెల్లింపు రెండు రోజులు ఆలస్యమైనా చేయాల్సిందే. నిన్నటి జెండా పాట ధరను ఈ రోజు రైతు ఫోనుకు పంపితే మాత్రం అతన్ని తప్పుదారి పట్టించినట్టే. ధరల లిజనర్ మెసేజ్‌లోని తేదీ చూసి, పాతదైతే పంపకుండా ముగించాలి.

ఇక రెండుసార్లు చెల్లింపు విషయం. పాజ్, స్టాప్ ఎంత జాగ్రత్తగా రాసినా, బ్యాంకు డబ్బు పంపిన తర్వాత, మెసేజ్ అందినట్లు మీరు తెలిపేలోపు, కరెంటు పోవచ్చు. ఆ మెసేజ్ తిరిగి వస్తుంది. దీన్ని క్యూ వైపు నుంచి పూర్తిగా నివారించలేం. చెల్లింపుల పట్టికలో తక్‌పట్టీ నంబరుపై యూనిక్ నియమం పెట్టండి. బ్యాంకును పిలిచే ముందే "మొదలైంది" అన్న వరుస రాసి కమిట్ చేయండి. బ్యాంకుకు పంపే సూచిక సంఖ్యగా ఆ తక్‌పట్టీ నంబరునే ఇవ్వండి. మెసేజ్ వచ్చినప్పుడు "మొదలైంది" అన్న వరుస అప్పటికే ఉంటే, కొత్తగా డబ్బు పంపకుండా ఆ సూచికతో బ్యాంకును స్థితి అడగండి. ఈ పని చేయకుండా పాజ్ బటన్‌ను ఎవరి చేతికీ ఇవ్వవద్దని నా గట్టి సలహా.

పరీక్షించే తీరు

టెస్ట్ సర్వర్లపై రెండు ఇన్‌స్టాన్స్‌లు లేపండి. బ్యాంకు స్థానంలో, ప్రతి పిలుపుకూ కొన్ని సెకన్లు ఆలస్యం చేసి జవాబిచ్చే నకిలీ సర్వీసు పెట్టండి. కొన్ని వందల తక్‌పట్టీలు క్యూలో వేసి, సగంలో పాజ్ చేయండి. ఆగుతోంది అన్న స్థితి నుంచి ఆగింది అన్న స్థితికి రెండు ఇన్‌స్టాన్స్‌లూ ఎంతసేపట్లో వచ్చాయో చూడండి. ఆగి ఉండగానే ఒక ఇన్‌స్టాన్స్‌ను బలవంతంగా చంపి, మళ్లీ లేపండి. అది పట్టిక చదివి ఆగే ఉండాలి. తర్వాత రెజ్యూమ్ చేసి, చెల్లింపులు జరుగుతుండగా రెండోదాన్ని చంపండి. క్యూ ఖాళీ అయ్యాక నకిలీ సర్వీసుకు అందిన సూచిక సంఖ్యలను తక్‌పట్టీల జాబితాతో సరిపోల్చండి. ఏ నంబరైనా లేకపోతే అక్ మోడ్‌నూ ఎర్రర్ హ్యాండ్లర్‌నూ మళ్లీ చూడాలి. ఏ నంబరుకైనా రెండుసార్లు డబ్బు పంపమన్న పిలుపు వెళ్లి ఉంటే, "మొదలైంది" అన్న వరుస బ్యాంకు పిలుపుకన్నా ముందే కమిట్ అవుతోందో లేదో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.